ఇస్సాకు రిజెక్ట్ చేసిన ఐపీసులు

లోకంలో ఇస్సాకు పాస్ చేసిన వస్తువంటూ లేదు. ఆయన గురించి ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు, మిగతా ఇస్సాకంతా దాని వెనకాలే నడిచి వస్తాడు. ఇప్పుడాయన లేడు. అయినా శాలిబండలో పాత కెమెరాలు, దుర్భిణులు అమ్మే ముష్తాక్, కొట్టుకు కొత్త సరుకు వచ్చినప్పుడల్లా దాన్ని వెలుతురుకెత్తి పట్టుకుని, "ఇస్సాకన్న ఉంటే దీనికేం వంక పెడుతుండెనో" అని అనుకోకుండా అరలో పెట్టడు.

ఇస్సాకు కంచన్‌బాగ్‌లో లోహాల కార్ఖానాలో తనిఖీ ఇన్‌స్పెక్టరుగా చేశాడు. కడ్డీ వచ్చినా రేకు వచ్చినా తిప్పి చూసి, బాగుంటే ముద్ర కొట్టాలి, బాగాలేకపోతే పసుపు సుద్దతో ఇంటూ గుర్తు పెట్టాలి. అదీ ఉద్యోగం. రిటైరైన రోజున పాస్ ముద్రను కార్ఖానాకు అప్పజెప్పి వచ్చాడు. సుద్దముక్కను మాత్రం ఎవరూ అడగలేదు. అది చొక్కా జేబులోనే ఉండిపోయింది. ఆ విధంగా ఇస్సాకుకు రిజెక్ట్ చెయ్యడానికి సాధనం మిగిలింది, పాస్ చెయ్యడానికి మిగల్లేదు.

మీరాలం మండిలో గుమ్మడికాయలమ్మే ఆమె మొదటిరోజు లొల్లి పెట్టింది. "ఏంది సారూ, నా కాయలకు గీతలు గీస్తున్నవ్?"

"గిది లోపల మెత్తగైంది. గిది ఎండకు మాడింది. రిజెక్ట్."

మధ్యాహ్నానికల్లా ఇంటూలున్న కాయలే ముందు అమ్ముడుపోయాయి. ఎవరో తెలిసిన మనిషి ఏరి పక్కకు పెట్టుకున్న కాయలని జనం అనుకున్నారు. మర్నాటి నుంచి ఆమె ఈయన కోసం సందు చివరిదాకా చూపులు పరిచేది. "సారూ, గీ బుట్టకు గూడ పెట్టిపో, నీకు పుణ్యముంటది."

ఒక పెళ్ళిలో ఫంక్షన్ హాలు కుర్చీలు ఊగుతున్నాయని ఒక వరుస వరుసంతా సుద్ద పెట్టాడు. అవి మగపెళ్ళివారికి కేటాయించిన కుర్చీలని ఆడపెళ్ళివారు, ఆడపెళ్ళివారివని మగపెళ్ళివారు కూర్చోకుండా గోడకానుకుని నిలబడే భోంచేశారు. ఆయన భార్య చంద్రమ్మ మాత్రం దీన్ని తేలిగ్గా తీసుకునేది. "మా పెండ్లినాటికి ఈయనకు గా నౌకరీ రాలే భాయ్. గందుకే నేను పాసైన" అని ముష్తాక్‌తో అనేది.

ఇలాంటి మనిషికి దుర్భిణి అమ్మడం ముష్తాక్ చేసిన పని. ఎవరో ఇల్లు మారుతూ అమ్మేసిన సామానులో అది వచ్చింది. పొట్టి ఫిరంగిలా ఉండేది. లాల్‌దర్వాజాలో ఇస్సాకు అద్దెకుండే ఇంటి డాబా మీద దాన్ని నిలబెట్టారు. ఇంటాయన వైకుంఠం పైకొచ్చి, దూరంగా నిలబడి అడిగాడు.

"ఏం చూస్తున్నరు?"

"శనిని" అన్నాడు ఇస్సాకు. "రా అన్నా, చూద్దువు."

"శనిని మనం చూసుడు కాదు, ఆయన మనల్ని చూడకుంటె చాలు. గురువొచ్చినప్పుడు చెప్పుండ్రి, అప్పుడొస్త" అని వైకుంఠం వెనక్కి వెనక్కే మెట్లు దిగిపోయాడు.

దుర్భిణికి కన్ను ఆనించే చోట చిన్న కటకాల డబ్బీ ఒకటి దూర్చాలి. దాన్ని ఐపీస్ అంటారు. ఒక్కోదాని మీద ఒక్కో నంబరు. నంబరు చిన్నదైనకొద్దీ గ్రహం పెద్దగా కనిపిస్తుంది, కానీ కన్ను ఆనించే రంధ్రం కూడా అంతకంత చిన్నదవుతుంది. దుర్భిణితో పాటు వచ్చిన పాతికో నంబరు ఐపీసులో శని నువ్వుగింజలా ఉన్నాడు. గ్రహాలు చూడ్డానికి సరైన ఐపీసు కావాలన్నాడు ఇస్సాకు. "గంతేనా, ఏరుకో అన్నా" అన్నాడు ముష్తాక్, తన జీవితం ఎటు తిరుగుతోందో తెలియక.

పదో నంబరు ఇచ్చాడు. మర్నాడు తిరిగొచ్చింది, డబ్బీ మీద పసుపు ఇంటూతో. "అంచుకు ఊదారంగు కారుతున్నది."

నాలుగో నంబరు ఇచ్చాడు. "శని ఉడుకుతున్నడు."

"అన్నా, అది ఐపీస్ తప్పు కాదు. మీ పక్కన హోటల్ల బిర్యానీ దేగ్ పెట్టిండ్రు. ఆవిరి పైకొస్తే బొమ్మ ఊగదా?"

"దేగ్ దించినంక గూడ చూసిన. దమ్ మీదనే ఉన్నడు."

ఇంకొకటిస్తే లోపల ధూళి. మరొకటిస్తే గొట్టంలో వదులు. వేరొకటి, అన్నీ బాగున్నా, "మూత బిగుతుగున్నది" అని వచ్చింది. అరలో పెట్టేముందు డబ్బీల మీది సుద్ద తుడిచీ తుడిచీ ముష్తాక్ రుమాలు పసుపు రంగుకు తిరిగింది. "ఏం ముష్తాక్ భాయ్, ఇంట్ల హల్దీ ఫంక్షనా?" అని పక్క కొట్టువాళ్ళు అడిగేవాళ్ళు.

చివరికి ముష్తాక్ చేతికి ఒక ఆరో నంబరు దొరికింది. పాత రకం, బరువైనది, కటకం నీటిబొట్టులా ఉంది. ఇది కూడా వద్దంటే ఇక ఆకాశంలోనే లోపముందనుకోవాలి. ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజు కాగానే దాన్ని తీసుకుని ఇస్సాకు డాబాకు వెళ్ళాడు. వెంట ముష్తాక్ వాళ్ళక్క బిల్కీస్ ఆపా కూడా వచ్చింది.

బిల్కీస్ ఆపా పక్క గల్లీలో ఆడపిల్లల బడిలో సైన్సు టీచరు. శాలిబండ ఆడవాళ్ళలో సగం మంది ఆమె దగ్గర గ్రహాల పేర్లు వరుసగా బట్టీ పట్టినవాళ్ళే. మందపాటి కళ్ళద్దాలు. వాటిని నిద్రలో తప్ప తియ్యదు. ఆమెకు ఎవరన్నా భయం లేదు. ముష్తాక్‌కు మాత్రం తల నెరిసినా ఆమె అంటే భయం. గిరాకీల ముందే అతని కాలరు సర్ది, "గోళ్ళు తీసుకో" అని చెప్పగలిగిన మనిషి ఆమె ఒక్కతే.

ముందు ఇస్సాకు చూశాడు. చాలాసేపు చూశాడు. చెయ్యి జేబు వైపు పోలేదు. ముష్తాక్ దగ్గరికి జరిగాడు.

"అన్నా, పాసేనా?"

"ఆగు. ఆపాను గూడ చూడనీ."

ఆపా వంగి, కళ్ళద్దాలతోనే రంధ్రం దగ్గర కన్ను పెట్టింది. రెండు క్షణాలు అటూ ఇటూ జరిగి లేచి నిలబడింది. "సుభానల్లా. ఉంగరం చూడు ఎంత గుండ్రంగున్నదో. టోపీ అంచు లెక్క."

"అదే నేను చెప్తున్న. ఫస్ట్‌క్లాస్ గుండ్రం" అన్నాడు ముష్తాక్.

ఇస్సాకు మెల్లిగా అడిగాడు. "వెడల్పు బాగున్నదా ఆపా?"

"మస్తు వెడల్పు. నడుమ సందు గూడ సాఫ్ కనబడుతున్నది."

ఇస్సాకు ఆమె వైపు ఒకసారి చూశాడు. ఐపీసు ఊడదీసి దాని డబ్బీలో పెట్టి, జేబులోంచి సుద్ద తీశాడు.

"రిజెక్ట్."

ముష్తాక్‌కు డాబా గిర్రున తిరిగింది. "ఎందుకు?"

"పనికిరాదు."

"ఏం తప్పున్నది దాంట్ల?"

"ఉన్నది."

అంతే. ఇస్సాకు కారణం చెప్పకుండా రిజెక్ట్ చెయ్యడం అదే మొదలు. మూత బిగుతనైనా చెప్పే మనిషి.

వీళ్ళ గొడవ ఆపాకు పట్టలేదు. ఆమె ఆలోచన అప్పటికే బడికి చేరింది. "వచ్చే శనివారం నా తొమ్మిదో క్లాసు పిల్లలకు మా బడి డాబా మీద చూపియ్యాలె. ఇస్సాక్ భాయ్, మీరే దూర్బీన్ తేవాలె. రేపే బోర్డు మీద బొమ్మ గీసి చెప్తా, నేను నా కండ్లతోటి చూసిన అని."

బడి నడిపే పెద్దమనిషి ముందు ఒప్పుకోలేదు. చీకటి పడేదాకా ఆడపిల్లల్ని బడిలో ఉంచడమెందుకు, పుస్తకంలో బొమ్మ ఉందిగదా అన్నాడు. "బొమ్మ వేరు జనాబ్, కండ్లతోటి చూసుడు వేరు" అంది ఆపా. తల్లుల దగ్గరికి స్వయంగా ఇల్లిల్లూ తిరిగి, తన పూచీ మీద ఒప్పించింది. ఇది గనక అభాసుపాలైతే ఆ బడి పిల్లలు మళ్ళీ డాబా మెట్లెక్కరని, ఇన్నేళ్ళ అక్క మాటకు విలువ ఉండదని ముష్తాక్‌కు తెలుసు. అందుకే ఇస్సాకును తొందరపెట్టడం మొదలుపెట్టాడు.

ఇస్సాకేమో సరిగ్గా ఆ వారమే పూర్తిగా దారి తప్పాడు. ఎక్కడివో సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకుని కొట్టుకొచ్చాడు. గుమ్మం దగ్గర ఆగి, కొక్కేనికి వేలాడుతున్న ముష్తాక్ కోటుకు, "సలాం భాయ్" అన్నాడు.

"అన్నా, నేను గిటున్న."

"కనబడుతున్నవ్ లే. ఐపీసులన్ని తియ్యి."

ఉన్న ఐపీసులన్నీ ఒక్కొక్కటే ఆ అద్దాలకు ఆనించుకుని, ఎదురింటి నీళ్ళ ట్యాంకు వైపు చూశాడు. అన్నిటికీ సుద్ద పెట్టాడు. ఒకటి రెండు ఇంటూలు ముష్తాక్ చెయ్యి మీద, ఒకటి పక్కనున్న టీ కప్పు మీద పడ్డాయి. ఒక్కదానికీ కారణం చెప్పలేదు. పోతూపోతూ బల్ల మీద బిల్లు కాగితాలు ఎగరకుండా పెట్టిన ఇత్తడిరంగు గొట్టం ఒకటి తీసుకున్నాడు.

"అది అమ్మేది కాదన్నా. బరువుకు పెట్టుకున్న."

"చూసిస్త" అని, తలుపు అనుకుని కిటికీలోంచి పోబోయి, సర్దుకుని బయటపడ్డాడు.

శుక్రవారం దాకా ముష్తాక్ ఓర్చుకున్నాడు. ఆ పొద్దు ఫోన్ చేశాడు. "అన్నా, ఆఖరి మాట. రేపు ఏ ఐపీస్?"

"ఇంక తేలలే."

"తేలకుంటె మా ఆపా ఇజ్జత్ ఏం గావాలె? నువ్వు ఉట్టిగ కూసో. ఆరో నంబరు పెట్టి నేనే చూపిస్త. దూర్బీన్ తీస్కపోనీకి వస్తున్న. రేపటి సంది నా కొట్టుకు రాకు."

"సరే, రాను. మెట్ల మీద లైటు పోయింది, చూస్కోని ఎక్కు" అన్నాడు ఇస్సాకు.

పొద్దుగూకేసరికి ముష్తాక్ కోపంగా లాల్‌దర్వాజా చేరాడు. మెట్ల మొదట్లో చంద్రమ్మ చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ కూర్చుంది. "పైనున్నడు, పో భాయ్. మీ ఆపా పాత అద్దాలు పెట్టుకోని వారం సంది మా గోడలన్ని గుద్దుకుంటున్నడు. గోడలకైతే ఇంక సుద్ద పెట్టలే."

ముష్తాక్ సగం మెట్లెక్కి ఆగాడు. "మా ఆపా అద్దాలా?"

"చర్చిల పేదోళ్ళకని అడిగి తెచ్చిండు. మా ఇంట్ల పేదోడు ఈయనే ఉన్నడాయె."

డాబా మీద ఇస్సాకు దుర్భిణి ముందు వంగి ఉన్నాడు. ఒక కాడకు దారం చుట్టిన ఆ ఫ్రేము నిజంగా ఆపాదే. ముష్తాక్‌ను చూసి, తిట్లు మొదలుకాక ముందే ఆ అద్దాలు తీసి అతని ముక్కు మీద పెట్టాడు. ఆరో నంబరు దూర్చి, "చూడు" అన్నాడు.

ముష్తాక్ చూశాడు. చీకటి. ఇంకా దగ్గరికి జరిగితే అద్దం ఇనుముకు టక్కున తగిలింది. తన కనురెప్ప వెంట్రుకలు మాత్రం బ్రహ్మాండంగా కనబడ్డాయి.

"ఏం కనబడతలే."

"కనబడది. గీ రంధ్రానికి కన్ను అంటుకోవాలె. అద్దాలుంటె కన్ను దూరంగుంటది."

"అద్దాలు తీసి చూస్తె?"

"దగ్గరిచూపు ఒక్కటే అయితె మర తిప్పితె సర్దుకుంటది. ఆపాకు సిలిండర్ పవర్ గూడ ఉన్నదట, నేను అడిగిన. అద్దాలు తీస్తె ఎంత తిప్పినా శని నలిగినట్టే ఉంటడు. ఆ రోజు ఆపా ఏం చూడలే భాయ్."

"మరి ఉంగరం గుండ్రంగున్నదన్నది?"

"ఇప్పుడు నీ కండ్లతోటి నిమ్మలంగ చూడు."

అద్దాలు తీసి, ఈసారి నిజంగానే నిదానంగా చూశాడు ముష్తాక్. చిన్న పసుపు గోళం. దాని నడుమ అటూ ఇటూ పొడుచుకొచ్చిన ఒక సన్నటి గీత. దబ్బనం గుచ్చిన రేగుపండులా ఉంది.

"ఉంగరమేది?"

"గదే ఉంగరం. ఈ ఏడు దాని అంచు మన దిక్కు తిరిగింది. అందుకే గీతలెక్క కనబడుతది. గుండ్రంగున్నది పుస్తకంల. ఆపా గుండ్రమన్నది, వెడల్పన్నది, నడుమ సందు గూడ ఉన్నదన్నది. పుస్తకంల బొమ్మ చూసినట్టు చెప్పింది."

ఫస్ట్‌క్లాస్ గుండ్రం అన్నదెవరో ముష్తాక్‌కు గుర్తొచ్చి, ఆకాశంలో వేరే వైపు చూశాడు. "ఆ రోజే చెప్పకపోయినవ్?"

"ఏమని చెప్పాలె? తమ్ముని ముందట, గంత పెద్ద టీచర్‌ను పట్టుకోని, నీకు కనబడలే అనాల్నా? ఐపీస్‌ను అంటె అది ఏమనుకోదు. దానికి రిజెక్ట్ పెట్టిన."

మరి రేపటి సంగతేమిటని ముష్తాక్‌కు అప్పుడు తట్టింది. ఆపా బోర్డు మీద గుండ్రటి ఉంగరం గీసేసింది. రేపు పిల్లలు ఒక్కొక్కరే చూసి, "టీచర్, గీత ఉంది" అంటారు. ఆమె చూడలేదని తొమ్మిదో క్లాసంతా ఒక్కసారే కనిపెడుతుంది.

"అందుకే ఆపా ముందు చూడాలె" అన్నాడు ఇస్సాకు. దుర్భిణితో వచ్చిన పాత పాతికో నంబరు తీసి, దాని కింద ముష్తాక్ బిల్లు కాగితాల మీది గొట్టం బిగించాడు. "ఇది బరువు కాదు భాయ్, బార్లో అంటరు. దీంట్ల ఒక కటకమున్నది, బొమ్మను పెద్దగ చేస్తది. పెద్ద నంబరు గనక కన్ను దూరమున్నా ఏం ఫికర్ లేదు. ఈ పొద్దే తేలింది. అద్దాలు పెట్టుకోని చూడు."

ముష్తాక్ పెట్టుకుని చూశాడు. ఆరో నంబరంత పెద్దగా లేదు, కానీ ఉంది. గోళం, గీత, రెండూ.

శనివారం సాయంత్రం బడి డాబా నిండా ఆడపిల్లలు. ఒక మూల బల్ల మీద సమోసాల పళ్ళెం. వరుసలో ముందున్న ఉమ్మే హానీ అనే పిల్ల అప్పుడే కుడికన్నా ఎడమకన్నా అని సాధన చేస్తోంది. ఇస్సాకు గురిచూసి పెట్టి, "ఆపా, రండి" అన్నాడు.

"నేను చూసిన గదా ఇస్సాక్ భాయ్. పిల్లలు ముందు."

"పెద్దోళ్ళు ముందు."

"మా దగ్గర పిల్లలు ముందు."

హైదరాబాదు మర్యాద ఒకసారి మొదలైందంటే శని అస్తమించేదాకా తెగదు. ఉమ్మే హానీ అడుగు ముందుకేసింది. ముష్తాక్ ఆ పిల్లకు అడ్డంగా నిలబడి, సమోసా తిన్నావా బేటా అని అడిగాడు. ఆమె తిన్నానంది. ఇంకొకటి తినమన్నాడు.

ఇస్సాకు గొంతు పెంచాడు. "పిల్లలకిచ్చే సామాను తనిఖీ కాకుండ నేనియ్య. నేను చూస్తె రిజెక్టే అయితది, అందరికి తెలుసు. పాస్ చేసెటోళ్ళు కావాలె. ఈ డాబా మీద మీరు తప్ప ఎవరున్నరు?"

క్లాసు కిసుక్కుమంది. ఆపా పళ్ళు బిగించి, ఈయన పిచ్చి తీరితే గాని పని జరగదన్నట్టు వచ్చి వంగింది. అద్దాలతోనే. ఇస్సాకు చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు.

ఆపా కదల్లేదు. ఆమె వీపును చూస్తూ ముష్తాక్ తన కాలరు తనే సర్దుకున్నాడు.

చాలాసేపటికి ఆమె తలెత్తకుండానే అంది. "ఇస్సాక్ భాయ్, మీ అద్దం మీద గీత పడ్డది. రిజెక్ట్."

ఇస్సాకు జన్మలో తన సామాను ఇంకొకరు రిజెక్ట్ చెయ్యడం వినలేదు. ఒక క్షణం తబ్బిబ్బయ్యాడు. తర్వాత ఆమెకు మాత్రం వినబడేలా అన్నాడు. "గీత అద్దం మీద లేదు ఆపా. శని మీదనే ఉన్నది."

ఆపా మళ్ళీ చూసింది. ఈసారి తీరుబడిగా, చెయ్యి దుర్భిణి మీద వేసి చూసింది. ఏళ్ళ తరబడి తనే పాఠం చెప్పిన ఆ ఉంగరం ఎన్నేళ్ళకో ఒకసారి అంచుకు తిరుగుతుందన్న సంగతి ఆమెకు తెలియనిది కాదు. నిటారుగా నిలబడి పిల్లల వైపు తిరిగింది. ముష్తాక్ కళ్ళు మూసుకున్నాడు.

"నేను బోర్డు మీద గీసిన బొమ్మ తప్పు. అందరు కొట్టెయ్యండి. ఈ ఏడు ఉంగరం అట్ల లేదు" అంది ఆపా.

"మరి మీరు చూసినన్నరు గదా టీచర్?" అంది ఉమ్మే హానీ, నోట్లో రెండో సమోసాతో.

"అన్న. చూడలే. ఇప్పుడు చూసిన."

ఆ మాట క్లాసులో హాజరు పిలిచినంత మామూలుగా అనేసి, బల్ల మీది పళ్ళెంలో సమోసాలు ముష్తాక్ దోసిట్లో బోర్లించి, ఖాళీ పళ్ళేన్ని పిల్లల ముందు పట్టుకుంది. "ఇట్ల వంచితే ఏం కనబడుతది? గుండ్రం. ఇప్పుడు మీ కండ్లకు సమానంగ పట్టుకున్న. ఇప్పుడేం కనబడుతది?"

"గీత" అంది క్లాసంతా.

"గంతే. యాద్ పెట్టుకోండి."

పాఠం అయింది. పిల్లలు వరుస సర్దుకున్నారు. ఆపా పళ్ళెం అక్కడ పెట్టి మళ్ళీ దుర్భిణి దగ్గరికెళ్ళి వంగింది. వరుస ఆగింది. కొంచెం జరుపుకుని చూసింది. ఇంకొంచెం జరుపుకుంది. "పక్కన ఒక చుక్క ఉన్నది. దాని చందమామనా ఇస్సాక్ భాయ్?" అని అడిగి, జవాబు వినకుండానే చూస్తూ ఉండిపోయింది.

"టీచర్, మా నంబరు ఎప్పుడు?" అంది ఉమ్మే హానీ.

"మీ వయసెంత? మీకు ఇంక మస్తు టైమున్నది. నిలబడండి."

రెండు చేతుల్లో సమోసాలతో ముష్తాక్ ఇస్సాకు చెవి దగ్గర గొణిగాడు. "అన్నా, ఇప్పటికన్న చెప్పు. ఐపీస్ పాసైనట్టేనా?"

"ఐపీస్ పాస్" అన్నాడు ఇస్సాకు. "మీ ఆపానే రిజెక్ట్. పక్కోళ్ళకు జాగ ఇచ్చుడు రాదు."

"వినబడ్డది" అంది ఆపా, కన్ను తియ్యకుండానే.